ముందు గది, తర్వాత సరస్సు

పూతలపట్టు నుంచి తిరుపతి వైపు పోయే దారిని చాలామంది ఇప్పటికీ ‘పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు’ అనే పిలుస్తారు. ఊరి పేరుతో మొదలయ్యే ఆ దారి తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా సాగి నాయుడుపేట దగ్గర చెన్నై–కోల్‌కతా హైవేలో కలుస్తుంది. అక్కడ దక్షిణానికి తిరిగితే కాసేపట్లోనే దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఒడిశాలోని చిలికా తర్వాత పులికాటే. ఈ రోడ్డు మీద తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లారో లెక్కలేని కుటుంబాలు పూతలపట్టు, పాకాల, కాణిపాకం చుట్టుపక్కల వందల్లో ఉన్నాయి. శ్రీకాళహస్తి దాకా వెళ్లి రాహుకేతు పూజ చేయించుకుని వెనక్కి తిరిగినవాళ్లూ తక్కువేం కాదు. రోడ్డు చివరి దాకా వెళ్లి సరస్సు చూసి వచ్చినవాళ్లే తక్కువ.

వెళ్లొచ్చినవాళ్లను కదిపితే తరచూ వినిపించే మాట ఒకటుంది. “ఏముందక్కడ? నీళ్లు, బురద. దూరంగా తెల్లగా ఏవో కొంగలు.”

ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్లకు కనపడింది అంతే. కారు దిగి, గట్టు మీద నిలబడి, ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకుని, పదిహేను నిమిషాల్లో కారెక్కిన మనిషికి పులికాట్ అంతకంటే ఎక్కువ చూపించదు. తిరుమల కొండ దూరం నుంచే తన గొప్పతనం చెబుతుంది. తలకోన జలపాతం చప్పుడుతోనే పిలుస్తుంది. ఉప్పు సరస్సుకు ఆ రెండూ లేవు. చదునైన నేల, చదునైన నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు ఆకాశం. దాన్ని చూడాలంటే ముందు చూడటం నేర్చుకోవాలి. ఈ అధ్యాయం ఆ నేర్చుకోవడం గురించే.

పూతలపట్టు వైపు మనిషికి ఇది కొత్త సంగతి కాదు. మామిడితోటలోకి బంధువు ఒకరు వచ్చారనుకుందాం. ఆయనకు కనిపించేవి పచ్చటి చెట్లు. తోట యజమానికి కనిపించేవి వేరు. పూత ఏ కొమ్మకు ముందు వచ్చింది, తేనెమంచు పురుగు ఏ వరుసలో మొదలైంది, బూడిద తెగులు ఎక్కడ పట్టింది, ఈ ఏడు తోతాపురి కాపు నిలుస్తుందా రాలుతుందా అన్నదంతా ఆయన ఒక్క చూపులో చదివేస్తారు. ఇద్దరి కళ్లూ ఒకటే. ఒకరికి ముప్పై ఏళ్ల పాఠం వెనకుంది, ఇంకొకరికి లేదు. సరస్సు విషయంలో మనమంతా ఆ బంధువులమే. ముప్పై ఏళ్లు గడిపే వీలు ఎవరికీ ఉండదు. ఒక గంట గడిపే వీలు మాత్రం అందరికీ ఉంటుంది.

ఆ గంట గడపాల్సిన చోటు నేలపట్టులో ఉంది.

నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం మండలంలో ఉంది నేలపట్టు. 2022 ఏప్రిల్ దాకా ఇదంతా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సుమారు 459 హెక్టార్ల ఈ పక్షుల అభయారణ్యంలో ఒక చెరువు, చెరువులో మొదళ్ల దాకా మునిగి నిలబడే నీటి కడప చెట్లు, చుట్టూ పొదల అడవి. లోపల అటవీశాఖ వారి పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రదర్శనశాల, చిన్న గ్రంథాలయం, సమావేశ మందిరం. పెద్ద నగరాల మ్యూజియాలు చూసినవాళ్లకు ఇది చిన్నదిగా అనిపించవచ్చు. చాలామంది ఇక్కడ మరుగుదొడ్డి ఎక్కడని అడిగి, గోడల మీద బొమ్మల పక్క నుంచి నడిచి నేరుగా చెరువుగట్టుకు పోతారు. అది పొరపాటు. ఆ గోడల దగ్గర ఆగినవాడికీ ఆగనివాడికీ గట్టు మీద కనిపించే చెరువు ఒకటి కాదు.

గోడ మీద గూడబాతు బొమ్మ ఉందనుకోండి. ఇంగ్లీషులో పెలికాన్ అంటారు, ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. చాలామందికి తెలిసింది అంతవరకే. ఇక్కడి గూడబాతుల ముక్కు మీద చుక్కలుంటాయి. ఈ చుక్కల ముక్కు జాతి ప్రపంచంలో దక్షిణ, ఆగ్నేయ ఆసియాలో మాత్రమే ఉంటుంది. అది గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే ముఖ్యమైన చోట్లలో నేలపట్టు ఒకటి. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే గూళ్లు కట్టడం మొదలవుతుంది. చెట్లు నీళ్లలో నిలబడటమే గూళ్లకు కాపలా, పిల్లులూ పాములూ సులభంగా చేరలేవు. పిల్లలు తల్లి సంచిలోకి తల దూర్చి చేపలు తింటాయి. ఆ చేపల్లో చాలా వంతు వచ్చేది పులికాట్ నుంచే. పెద్ద పక్షులు అటు వెళ్లి, మేత తెచ్చి, ఇటు పిల్లలకు పెడతాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే నేలపట్టు పురిటిల్లు, పులికాట్ వంటిల్లు.

ఇది తెలిసిన మనిషి గట్టు మీద నిలబడితే ఏం జరుగుతుంది? తల మీదుగా రెక్కలు చాచి దక్షిణానికి పోయే పక్షి ఇక ‘ఏదో కొంగ’ కాదు. పొయ్యి దగ్గరకు పోతున్న తల్లి. తిరిగొచ్చేది బరువుగా, కాస్త కిందుగా ఎగురుతూ వస్తుంది. పిల్లలు దాన్ని దూరం నుంచే గుర్తుపట్టి అరవడం మొదలుపెడతాయి. పది నిమిషాల ముందు ఈ బంధం గోడ మీద చదవకపోతే, ఈ రాకపోకలన్నీ ఆకాశంలో అర్థంలేని కదలికలు.

అదే చెరువులో నత్తగుల్ల కొంగ ఉంటుంది. దాని రెండు ముక్కు భాగాల మధ్య సందు కనిపిస్తుంది. విరిగిందేమోనని పిల్లలు జాలిపడతారు. ఆ సందు నత్తల్ని పట్టుకోవడానికి అమరింది. నీటికాకులు రెక్కలు తెరిచి కొయ్యబొమ్మల్లా నిలబడి ఉంటాయి. వాటి ఈకలు నీటిని పీల్చుకుంటాయి కాబట్టి ఆరబెట్టుకోవాలి. తెల్ల కంకణాలు, రాత్రి కొంగలు, శీతాకాలం వస్తే పరజలు, సూదితోక బాతులు, బొల్లికోళ్లు. నేలపట్టులో నమోదైన పక్షి జాతులు 180 పైచిలుకు. అన్నీ ఒక్కరోజులో నేర్చుకోవాలనుకోవడం అత్యాశ. ఐదు చాలు. ఐదు పక్షుల పేరు, తిండి, ముక్కు, నడక తెలుసుకుని బయటకు వస్తే చెరువు సగం అర్థమైనట్టే.

ఇంకొక సంగతి కూడా ఆ గదిలో తెలుసుకోవాలి. ఈ పక్షులు ఇన్నేళ్లు నిలిచింది ప్రభుత్వం 1976లో అభయారణ్యంగా ప్రకటించినందువల్ల మాత్రమే కాదు. చుట్టుపక్కల రైతులు వాటిని ముందు నుంచే కాపాడుకున్నారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని వాళ్లకు తెలుసు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ ఊరి మధ్య చెరువుల్లో, చింతచెట్ల మీద ఇలాంటి కాపుదలే కనిపిస్తుంది. పక్షి ఉంటే పంట బాగుంటుందని నమ్మిన రైతు ఏ ప్రకృతి పుస్తకమూ చదవకుండానే దాని సారం పట్టుకున్నాడు.

ఒక చిన్న గది మనిషి చూపును ఎంత మార్చగలదు? దీనికి సలీం అలీ జీవితం కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకదు. 1896లో పుట్టిన సలీం అలీ చిన్నప్పుడు బొంబాయిలో మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆటతుపాకీతో పిచ్చుకల్ని కొట్టడం అతని సరదా. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మేనమామ అతన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిలార్డ్ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు. సొరుగులు ఒక్కొక్కటే లాగి, భద్రపరిచిన వందల పక్షుల్ని ఆ పిల్లవాడికి చూపించాడు. పిట్టను పట్టుకుని వెళ్లిన పిల్లవాడు పక్షిశాస్త్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. తర్వాతి కాలంలో 1931–32లో హైదరాబాద్ సంస్థానమంతటా తిరిగి పక్షుల సర్వే చేసింది అతనే. 1985లో అచ్చయిన ఆత్మకథకు పేరు పెట్టడానికి ఆ పిచ్చుకనే ఎంచుకున్నాడు. మిలార్డ్ ఆ రోజు తీరిక లేదని అంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం. నేలపట్టులో పిల్లవాడు బొమ్మ ముందు నిలబడి ప్రశ్న అడిగినప్పుడు ‘పద పద, ఆలస్యమవుతోంది’ అనే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్క క్షణం గుర్తుచేసుకోవాలి.

సరస్సు దగ్గర

మధ్యాహ్నం సూళ్లూరుపేట. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి, రాకెట్ ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు వచ్చి మొక్కి వెళ్లే గుడి. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ వెళుతుంది. రెండు పక్కలా నీళ్లే. ఎండ తీవ్రంగా ఉన్న వేళ వెళ్తే నీటి మీద గాలి వేడికి వణుకుతుంది, బైనాక్యులర్‌లో పక్షి మసకగా కదులుతుంది. మూడున్నర తర్వాత మేలు. తూర్పుకు ముఖం పెట్టి చూస్తే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, రంగులు తేటగా కనిపిస్తాయి.

తెలుగువాళ్లు ఈ సరస్సును ప్రళయ కావేరి అన్నారు. పులికాట్ అనే పేరు దక్షిణ కొసన తమిళనాడులోని పళవేర్కాడు నుంచి వచ్చింది. డచ్చివాళ్లు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టి కోరమాండల్ తీరం మీద వర్తకం నడిపారు. ఆ పేరే పటాలకెక్కింది. స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ ఈ సరస్సు దీవుల బతుకును అక్కడి యాసలోనే చెప్పిన పుస్తకం. ప్రయాణానికి వారం ముందు ఆ కథలు రెండు చదివి వెళ్లడం ఏ గైడ్‌బుక్‌కన్నా మంచి సన్నాహం. దీవుల పేర్లు, చేపల పేర్లు, పడవ మాటలు నోటికి అలవాటై ఉంటాయి. వేనాడు, ఇరకం అని బోర్డు మీద కనిపించినప్పుడు అవి అక్షరాలుగా మిగలవు.

సరస్సు పొడవు సుమారు 60 కిలోమీటర్లు, సగటు లోతు ఒక మీటరు. అంటే ఎక్కువ చోట్ల నడుము లోతు మించదు. వరదల కాలంలో 450 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరించే నీళ్లు ఎండాకాలంలో 250కి కుంచించుకుపోతాయి. ఉప్పదనం కూడా అలాగే ఏడాది పొడవునా మారుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. వానలు పడి కాళంగి, ఆరణి నదులు దిగినప్పుడు పులికాట్ నీళ్లు దాదాపు తియ్యనవుతాయి. మే నెలకు లీటరుకు 50 గ్రాములు దాటిన సందర్భాలున్నాయి, అంటే సముద్రం కంటే ఉప్పన. ఆరణి నది పుట్టేది చిత్తూరు జిల్లా కార్వేటినగరం కొండల వైపే. కార్వేటినగరంలో పడిన వానచుక్క పిచ్చాటూరు జలాశయం దాటి చివరకు చేరేది ఈ సరస్సులోకి. చిత్తూరు జిల్లా మనిషి ఇక్కడికి వచ్చినప్పుడు పరాయిచోటికి రాలేదు. తన కొండ నీళ్లు ఎక్కడ ముగుస్తున్నాయో చూడటానికి వచ్చాడు.

ఈ ఉప్పూ ఈ లోతూ తెలిస్తేనే ఈ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో పక్షి అర్థమవుతుంది. పాతవాళ్లు దాన్ని సముద్రపు రామచిలుక అన్నారు, ముక్కు వంపు చూసి కాబోలు. దాదాపు ఐదడుగుల పొడవు పెరిగే పక్షికి కాళ్లు కర్రల్లా ఎందుకున్నాయంటే, లోతు తక్కువ నీళ్లలో నడిచి మేసేందుకు. వంగిన ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచుతుంది. నాలుకను పంపులా ఆడించి బురదనీళ్లు లోపలికి లాగుతుంది. ముక్కు అంచున జల్లెడలాంటి పొరలుంటాయి. రొయ్యపిల్లలు, పురుగులు, నాచు లోపల మిగిలి నీళ్లు బయటకు పోతాయి. ఆ తిండిలో ఉండే రంగు పదార్థమే ఈకలకు గులాబీ ఛాయ తెస్తుంది. పిల్లలు బూడిదరంగులో పుడతాయి. మన దగ్గరికి వచ్చేవాటిలో చాలా పక్షుల పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ బురదతో చిన్న దిబ్బలు కట్టి గుడ్లు పెడతాయి.

గుంపును చూడగానే చాలామంది చేసే పని ఒకటుంది. రెక్కలు తెరిచినప్పుడు లోపలి గులాబీ, నలుపు రంగుల ఫొటో కావాలని చప్పట్లు కొట్టడం, హారన్ మోగించడం, నీళ్లలోకి దిగి దగ్గరికి పోవడం. పక్షులు లేస్తాయి. ఫొటో వస్తుంది. ఎంతో దూరం ఎగిరొచ్చో, పిల్లల్ని పెంచి అలిసో, రోజంతా బురద వడకట్టి కూడబెట్టుకున్న బలం ఆ ఎగురుడులో ఖర్చవుతుంది. ఈ పని చేయకూడదు. చేసేవాళ్లను చూస్తే ఆపమని చెప్పాలి.

చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. రోడ్డు మీద కాకుండా, శ్రీహరికోట దారిలోని అటకానితిప్ప లాంటి సురక్షితమైన చోట ఆగి, ఒకే ఒక్క పక్షిని ఎంచుకుని, ఇరవై నిమిషాలు దాన్నే చూడటం. మొదటి ఐదు నిమిషాలు విసుగు పుడుతుంది. ఏడెనిమిది నిమిషాలకు ఆ పక్షి ఒకే దిక్కుకు కాకుండా గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద కదిలిస్తోందని తెలుస్తుంది. పన్నెండో నిమిషానికి పక్కనున్న నల్లరెక్కల ఉల్లంకి పిట్ట ఆ కదిలిన బురద దగ్గరే ఎందుకు తచ్చాడుతోందో అర్థమవుతుంది. ఇరవై నిమిషాలయ్యేసరికి లేవబుద్ధి కాదు. ఒకే పని మీద మనసు నిలపలేకపోతున్నామని, ఫోన్ తీయకుండా పావుగంట ఉండలేకపోతున్నామని బాధపడే యువత ఈ అభ్యాసం ఒక్కసారి చేసి చూడాలి. ధ్యానానికి కూర్చున్నప్పుడు లోపలికి చూడమంటారు. ఇక్కడ బయటికి చూడాలి. మొదలుపెట్టేవాడికి ఇది సులభం, ఎందుకంటే బయట పక్షి నిజంగానే కదులుతోంది.

అందం వెనక ఏముంది

పులికాట్ ఫొటోల వెనక ఏముందో తెలియాలంటే ముందు ఇంకో ఉప్పు సరస్సు చూద్దాం. కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు వేసవిలో యోసెమైటీ చూడటానికి వెళ్తే, చాలామంది టియోగా కనుమ దాటి అవతలి వైపు దిగుతారు. అక్కడ ఎడారి అంచున మోనో లేక్ ఉంది. సముద్రం కంటే రెండు మూడు రెట్లు ఉప్పన. చేప బతకదు. ఉప్పునీటి చిన్న రొయ్యలూ, ఒడ్డున ముసిరే ఒక రకం ఈగలూ, వాటిని తినే లక్షల పక్షులూ ఉంటాయి. ఒడ్డున సున్నపురాతి స్తంభాలు కోట బురుజుల్లా నిలబడి ఉంటాయి. సూర్యాస్తమయం వేళ వాటి ముందు ఫొటో దిగనివారు ఉండరు.

లీ వైనింగ్ ఊరి పక్కన 1992లో తెరిచిన సందర్శకుల కేంద్రంలోకి వెళ్లి అరగంట గడిపినవారికి ఆ స్తంభాలు ఇంకోలా కనిపిస్తాయి. అవి నీటి అడుగున పుట్టినవి. అడుగు నుంచి ఉబికే ఊటల్లోని కాల్షియం, సరస్సు నీళ్లలోని కార్బొనేట్ కలిసి రాయిగా గడ్డకట్టాయి. అవి ఇవాళ గాలిలో ఎందుకున్నాయి? 1941 నుంచి లాస్ ఏంజిలిస్ నగరం సరస్సుకు చేరే వాగుల నీళ్లను తన కుళాయిలకు మళ్లించుకుంది. 1982 నాటికి నీటిమట్టం 45 అడుగులు పడిపోయింది. నీళ్లు సగమై, ఉప్పు రెట్టింపైంది. దీవి నేలతో కలిసిపోయి, నక్కజాతి జంతువులు నడిచి వెళ్లి పక్షుల గూళ్లు దోచాయి. ఫొటోలో అంత అందంగా కనిపించే స్తంభం ఆ సరస్సు కోల్పోయిన నీటికి కొలబద్ద.

ఆ నష్టాన్ని ముందుగా పట్టుకున్నది పెద్ద సంస్థలు కావు. 1976 వేసవిలో కొందరు విద్యార్థులు ఒడ్డున డేరాలు వేసుకుని రొయ్యల్నీ పక్షుల్నీ లెక్కపెట్టారు. వారిలో ఒకరైన డేవిడ్ గెయిన్స్ 1978లో స్నేహితులతో కలిసి మోనో లేక్ కమిటీ పెట్టారు. వారూ మరికొన్ని సంఘాలూ కోర్టుకు వెళ్లారు. నదులు, సరస్సులు ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా కాపాడాల్సిన ఆస్తి అని 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1994లో రాష్ట్ర జలమండలి సరస్సు మట్టం 6,392 అడుగులకు పెరగాలని ఆదేశించింది. ఆ మట్టం ఇంకా చేరలేదు, కానీ సరస్సు చావలేదు.

పూతలపట్టు పాఠకుడికి ఇదంతా ఎందుకంటారా? 1996 డిసెంబరులో మన సుప్రీంకోర్టు, హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డు మీద వచ్చిన ఎం.సి. మెహతా కేసులో, ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని మన చట్టంలో భాగంగా ప్రకటించింది. ఆ తీర్పులో మోనో లేక్ కేసును వివరంగా ఉదహరించింది. ఎక్కడో ఎడారి ఒడ్డున రొయ్యలు లెక్కపెట్టిన విద్యార్థుల శ్రమ ఇవాళ మన చెరువుల్నీ కాపాడే న్యాయసూత్రంలో కలిసి ఉంది.

ఇప్పుడు పులికాట్ వైపు తిరిగి చూడండి. వేసవిలో రోడ్డు పక్కన మైళ్ల కొద్దీ తెల్లగా మెరిసే ఉప్పు పర్ర కనిపిస్తుంది. పగుళ్లు వారిన ఆ నేల మీద నిలబడి దిగే ఫొటోలు బాగుంటాయి. ఆ తెలుపు కొంత ఋతువు స్వభావం, కొంత జబ్బు. సరస్సుకు సముద్రంతో రాకపోకలు సాగేది ముఖద్వారాల గుండా. దక్షిణాన పళవేర్కాడు, ఇటు రాయదొరువు, ఉత్తరాన తూపిలిపాళెం. ఇసుక మేటలు వేసి ముఖద్వారాలు పూడితే సముద్రపు నీళ్లు రావు, వాటితో పాటు వచ్చే రొయ్యపిల్లలూ చేపపిల్లలూ రావు. జాలరి వలకూ ఫ్లెమింగో ముక్కుకూ ఒకేసారి మేత తగ్గుతుంది. పూడిక తీయాలని ఇక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే. ఈ సంగతి తెలిసినవాడు ఆ తెల్లనేల ఫొటో కింద రాసే వాక్యం వేరేగా ఉంటుంది.

ఊరివాళ్లను అడగటం

గోడ మీద ఉన్నది సగం పాఠం. మిగతా సగం మనుషుల దగ్గర ఉంటుంది. రాయలసీమలో దీనికి కలివికోడి కథే సాక్ష్యం. పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ 19వ శతాబ్దంలో గుర్తించిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. సలీం అలీ వంటివారు వెతికినా దొరకలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు పక్షి బొమ్మను అచ్చువేసి కడప జిల్లా పల్లెల్లో చూపిస్తూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పక్షులు పట్టే ఒక స్థానికుడు దాన్ని తెచ్చి ఇచ్చాడు. అది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు వెతికినవాళ్లకు దొరకనిది రాత్రి అడవిలో తిరిగే మనిషికి తెలుసు. లంకమల అడవి అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పక్షి కోసం మారింది.

కాబట్టి భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కినవాళ్లు సరంగుతో చార్జీ గురించి ఒక్కటే మాట్లాడి ఊరుకోకూడదు. “అన్నా, ఈ ఏడు రొయ్య ఎట్లుంది? నీళ్లు ఎప్పుడు ఉప్పెక్కినాయి? పోయినేడు ఫ్లెమింగోలు యాడ దిగినాయి?” అని అడగాలి. అడిగి ఊరుకుని వినాలి. నేలపట్టులో కాపలా చూసే అటవీ సిబ్బందిని కూడా అంతే. పొద్దున్నే ఏ చెట్టు మీద కొత్త గూడు పడిందో వాళ్లకు తెలిసినట్టు ఏ పుస్తకానికీ తెలియదు.

సూళ్లూరుపేటలో 2001 నుంచి జనవరి వేళ జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్, జనం పిలుచుకునే పక్షుల పండుగ, కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో 3 రోజులు జరిగింది. పిల్లలకు ఉత్సాహం, దుకాణాలు, ఆటపాటలు, ఉచిత బస్సులు. పండుగకు తప్పక వెళ్లాలి. పక్షుల్ని చూడటానికి మాత్రం పండుగ కాని మామూలు రోజు ఇంకోసారి వెళ్లాలి. జనసమ్మర్దంలో ఇరవై నిమిషాల నిశ్శబ్దం ఎవరికీ దొరకదు.

వెంట తీసుకుపోవాల్సినవి కొద్దే. 8×42 బైనాక్యులర్ ఒకటి ఇంటిల్లిపాదికీ చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, చెయ్యి వణికినా బొమ్మ నిలుస్తుంది. ఇరవై రెట్లని అమ్మేవి చేతిలో నిలవవు, కొనొద్దు. మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్లు. పులిహోర, పెరుగన్నం సద్ది కట్టుకుంటే మధ్యాహ్నం హోటళ్ల వేటలో గంట పోదు. తిన్న విస్తరీ కవరూ తిరిగి సంచిలోకే. డ్రోన్ ఊసే వద్దు, పక్కనే షార్ అంతరిక్ష కేంద్రం, పైగా అభయారణ్యం. పిల్లలకు తలా ఒక పక్షిని అప్పగించి, దాని గురించి మూడు సంగతులు నోటుపుస్తకంలో రాయమంటే సాయంత్రం కారులో కబుర్లకు కొదవ ఉండదు. పేరు తెలియకపోతే బొమ్మ గీయమనాలి. గీసేందుకు చూసిన చూపు ఫొటో తీసేందుకు చూసిన చూపు కంటే లోతుకు పోతుంది.

కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. నవంబరు వానలు ఎలా పడ్డాయో తెలుసుకుని, చెరువు నిండిందని ఖాయం చేసుకుని బయలుదేరాలి. చెరువు నిండని ఏడు గూడబాతులు గూళ్లు తక్కువ కడతాయి. పూతలపట్టు నుంచి తిరుపతికి 55 కిలోమీటర్లు, అక్కడి నుంచి నాయుడుపేటకు 60, ఆపైన సూళ్లూరుపేటకు 30 దాకా. మొత్తం 150 కిలోమీటర్ల లోపే. ఇంట్లో ఆరింటికి కదిలితే తొమ్మిదీ తొమ్మిదిన్నరకు నేలపట్టు గేటు దగ్గర ఉంటారు. గేటు దాటాక నేరుగా చెరువుగట్టుకు పోకండి. ముందు ఆ గదిలోకి వెళ్లండి.